పూలు లెక్కపెట్టే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతోంది. మంచు కొండల మీది మొక్కలు పూత కోసం, గింజల కోసం ఏం కోల్పోతాయో పరిశోధిస్తానంటోంది. బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) అయితే ఉద్యోగం ఖాయమని అందరూ అంటున్నారు. రెండింటిలో ఏది మేలు? అయినా, పూస్తే మొక్కకు నష్టమేమిటి?

జవాబు: మీరు చివర్లో తేలిగ్గా అడిగేసిన ప్రశ్ననే మీ అమ్మాయి పట్టుకుంది. చెట్లు పెరగలేని ఎత్తుల్లో, మంచు కరిగి మళ్లీ కురిసేలోగా మొక్కకు దక్కేవి కొన్ని వారాలే. అప్పుడు కూడబెట్టిన ఆహారం గింజకు పెడితే వేరుకు తగ్గవచ్చు. బిస్టోర్టా వివిపారా అనే చిన్న మొక్కలో పూగుత్తి రూపుదిద్దుకోవడం మొదలై, విచ్చుకునేసరికి నాలుగేళ్లు పడుతుంది. ఈ ఏటి ఖర్చు ఎప్పుడు బయటపడుతుందో ఊహించండి. కెన్యా పర్వతం మీద లోబెలియా టెలికీ అనే మొక్క ఒక్కసారి పూసి చనిపోతుంది. దాని దగ్గరి చుట్టం లోబెలియా కెనియెన్సిస్ పలుమార్లు పూస్తుంది.

పూతకు మొక్క ఎంత నష్టపోతుందో తేల్చడానికి కొన్ని మొక్కల మొగ్గలు తుంచుతారు, కొన్నింటికి చేత్తో పుప్పొడి అద్దుతారు, ఆపై ఏళ్ల తరబడి కొలుస్తారు. చాలాసార్లు నష్టం కనిపించనే కనిపించదు. వేళ్లలో నిల్వ ఉంటుంది, పచ్చి కాయలు తమ ఆహారం కొంత తామే తయారుచేసుకుంటాయి. పైగా బలమైన మొక్క బాగా పూస్తుంది, బాగా పెరుగుతుంది కూడా. ఈ చిక్కు విప్పాలంటే గణాంకశాస్త్రం గట్టిగా రావాలి, ప్రోగ్రాములు రాయాలి. కంప్యూటర్ నైపుణ్యం కోసం ఈ దారి వదలనక్కరలేదు.

ఇక ఆ ‘ఖాయం’ అనే మాట. ప్రోగ్రామింగ్ మీద ఇష్టంతో వెళ్లేవారికి బయోఇన్ఫర్మాటిక్స్ మంచి రంగమే. కానీ సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌ను నడపడం మాత్రమే నేర్పే కోర్సులంటే నాకు భయం. సాఫ్ట్‌వేర్ మారిపోతుంది, నేర్చుకున్నది పాతబడుతుంది. ఇంట్లో వాళ్ల మాట మీద చేరి, రెండో ఏడాదికే నీరసపడి నా ముందు కూర్చున్న పిల్లలు ఎందరో!

అందరూ ఏమంటున్నారో రాశారు. అమ్మాయికి ఇది ఎందుకు ఇష్టమో ఒక్క వాక్యమూ రాయలేదు. అడిగారా? అడగకుండా నన్ను తీర్పు చెప్పమనడం న్యాయం కాదు.

ఒకసారి ఈ మొక్కల పరిశోధన వైపు వెళితే మళ్లీ తిరిగిరాలేదేమోనన్నది మీ అసలు దిగులు. శాశ్వత పరిశోధన ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది, నిజమే. ఫెలోషిప్ లేకుండా చేరవద్దనే చెబుతాను. అయినా విత్తనాలు భద్రపరిచే సీడ్ బ్యాంకులు, వృక్షోద్యానాలు, పర్యావరణ ప్రభావ అధ్యయనాలు, డేటా విశ్లేషణ ఆమెకు తెరిచే ఉంటాయి. పీజీలో గణాంకశాస్త్రం తీసుకోమనండి. ఒక్క పూత కాలం పరిశోధక బృందంతో కొండ మీదికి పంపండి. చలిగాలిలో రోజంతా మోకాళ్ల మీద కూర్చుని మొగ్గలు లెక్కపెట్టి వచ్చాక, ఇంకా ఇదే చదువుతానంటే పీహెచ్‌డీ దరఖాస్తులు ఎక్కడ పెట్టాలో చూద్దాం.