చార్మినార్ చుట్టూ నడిచేముందు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ అల్లుడుగారూ ఆదివారం సాయంత్రం పాతబస్తీ చూద్దామనుకుంటున్నారని రాశావు. ముందు ఆ సమయం మార్చుకోండి. ఆ పూట గాజుల బజారైన లాడ్ బజార్‌లో జనం మిమ్మల్ని తోసుకెళ్తారు, మీరు నడిచేదేమీ ఉండదు. శుక్రవారమూ వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు మూసేస్తారు, మధ్యాహ్నం జుమ్మా నమాజుకి మక్కా మసీదు దారులన్నీ నిండిపోతాయి. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకుని పొద్దున్న ఆరింటికల్లా మూసీ మీది వంతెన నయాపూల్ దగ్గర దిగండి. అక్కడికి చార్మినార్ కిలోమీటరున్నర కూడా ఉండదు.

అంత పొద్దున్నే ఎందుకంటే, పాతబస్తీలో ఒక్కో వీధికి ఒక్కో వేళ. నహారీ అనే మాంసం పులుసు తెల్లవారగానే ఉంటుంది, తొమ్మిది దాటితే గిన్నె అడుగున మిగిలిందే. గాజుల దుకాణాలు పదకొండు దాకా తలుపులు తీయవు. అందుకే ముందు తిండి, తర్వాత కట్టడాలు, చివర బజారు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, ఎండలో తిరిగి, ఆకలి మీద బిర్యానీ తిని, నిద్రమత్తుతో ఇంటికి పోతారు.

నయాపూల్ మీద ఒక్క నిమిషం ఆగండి. ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే ఈ నగరాన్ని కొత్తగా దిద్దారు. మదీనా చౌరస్తా దాటగానే రెండు పక్కలా కనిపించే పత్తర్‌గట్టీ రాతి కమానులు ఆ దిద్దుబాటులో భాగమే. షట్టర్లు మూసి ఉన్నప్పుడే వాటి అందం తెలుస్తుంది. పగలైతే బట్టలు, బోర్డులు, తోపుడు బండ్లు రాయిని కప్పేస్తాయి. ఇక్కడ తలెత్తి నడవండి, మొదటి అంతస్తు కిటికీలు చూడండి.

ఇంకాస్త ముందుకెళ్తే చార్ కమాన్, అంటే నాలుగు కమానులు, వాటి మధ్యలో గుల్జార్ హౌజ్ అనే నీళ్ళ తొట్టి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటి కమాను ఒకప్పుడు కుతుబ్ షాహీల రాజభవనాలకు దారి. హౌజు దగ్గర నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగి చూస్తే, 1591లో మొదలైన ఊరి నక్షా కళ్ళముందు పరుచుకుంటుంది. ఈ దిక్కులు మనసులో పెట్టుకుంటే ఇక ఏ గల్లీలో దూరినా దారి తప్పరు.

ఇప్పుడు నహారీ. మేక కాళ్ళు, నాలుక రాత్రంతా సన్నటి మంట మీద ఉడికిన పులుసు అది. నాలుక వద్దనుకుంటే 'ఖాలీ పాయా' అని అడగండి. ఇద్దరికీ ఒక్క ప్లేటు, రెండు కుల్చా రొట్టెలు చాలు. నిమ్మకాయ పిండుకోండి, కొవ్వు వెగటు తగ్గుతుంది. చల్లారితే పులుసు జిగురు కట్టి పెదాలకు అంటుకుంటుంది కాబట్టి ఫోటోలు తర్వాత, ముందు తినండి. మాంసం వద్దనుకున్న రోజున గుల్జార్ హౌజ్ పక్క గల్లీలో వెన్న దోశ బండి ఉంటుంది, మధ్యాహ్నానికి ఎత్తేస్తారు. వేడి నాన్ మీద మనసైతే పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ ఇప్పుడెక్కడుందో కనుక్కుని వెళ్ళాలి. నాలుగు మూలల నాన్, తందూరు గోడ నుంచి తీసి నేరుగా చేతికిస్తారు. కాస్త తూర్పుకి నడవాలి గాని, ఆ నడక దండగ కాదు.

చాయ్‌కి మక్కా మసీదు పక్కనున్న నిమ్రా కేఫ్. ఇరానీ చాయ్‌లో డికాక్షను మూతపెట్టి విడిగా కాగుతుంది, పాలు విడిగా చిక్కబడతాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. అందుకే అంత మెత్తదనం. ఉస్మానియా బిస్కెట్టు రెండు క్షణాలకు మించి ముంచకండి, విరిగి అడుక్కి పోతుంది. ఒక్కొక్కరికి రెండే బిస్కెట్లు. కడుపులో చోటు ఉంచుకోవాలి, నడక ఇంకా సగం ఉంది.

తర్వాత చార్మినార్ ఎక్కండి. టికెట్ కిటికీ తెరవగానే ఎక్కితే వరుస ఉండదు. మెట్లు ఎత్తుగా, సన్నగా, మెలి తిరిగి ఉంటాయి, దిగేవాళ్ళకు దారివ్వడానికి గోడకి అతుక్కోవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళను ఎక్కించవద్దు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. గచ్చుతో తీర్చిన పూలూ లతలూ దగ్గరగా చూడాలంటే కమాను లోపలివైపు చూడాలి.

మక్కా మసీదు కుతుబ్ షాహీల కాలంలో మొదలై ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయింది. ఆవరణలోనే నిజాముల సమాధులున్నాయి. నువ్వు చున్నీ తెచ్చుకో, అల్లుడుగారు నిక్కరుతో రాకూడదు. చెప్పులు విప్పాల్సి వస్తుంది గనుక లేసులున్న బూట్లు వద్దు. నమాజు వేళ బయట ఆగండి. ఎవరినైనా, ముఖ్యంగా ఆడవాళ్ళని, అడగకుండా ఫోటో తీయకండి.

పదింటికి చౌమహల్లా. ఖిల్వత్ దర్బారులో షాండ్లియర్ల కింద కాసేపు కూర్చోండి. మరుగుదొడ్ల అవసరం కూడా ఇక్కడే తీర్చుకోండి, బజారులో వెతుక్కోవడం కష్టం. సీసాలో నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి, కోసి పెట్టిన పళ్ళ జోలికి పోకండి.

ఇక లాడ్ బజార్. తొందరపడి మొదటి దుకాణంలో కొనకండి. ముందు లోపలి గల్లీల్లో లక్క గాజులు చేసేచోట నిలబడి చూడండి. బొగ్గుల మీద లక్క కాచి, సన్నటి కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, మెత్తగా ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. సైజు 'రెండూ నాలుగు', 'రెండూ ఆరు' అని చెబుతారు. రెండూ నాలుగంటే రెండంగుళాలూ, అంగుళంలో పదహారింట నాలుగు వంతులూ, అంటే రెండుంపావు అంగుళాల అడ్డుకొలత. నీ చేతికి ఎక్కే పాత గాజొకటి పట్టుకురా, దాంతో కొలిస్తే పొరపాటు రాదు. కొంచెం బిగుతైతే వేడి చేసి అక్కడికక్కడే సరిచేయమను. లక్కకి వేడి పడదు. ఎండలో కారులో వదిలేస్తే మెత్తబడి రాళ్ళు రాలిపోతాయి. బేరం నవ్వుతూ చెయ్యి. మూడు నాలుగు దుకాణాల్లో ధర విన్నాక అసలు రేటు దానంతటదే తెలుస్తుంది.

ముత్యాలకైతే బిల్లిచ్చే దుకాణమే చూసుకోండి. రెండు ముత్యాలు ఒకదానితో ఒకటి మెల్లగా రాస్తే గరగరలాడాలి, జారిపోతే నకిలీ. 'ఈరోజు ప్యాలెస్ బంద్, మంచి దుకాణానికి తీసుకెళ్తా' అనే ఆటోవాళ్ళ మాట వినకండి, వాళ్ళకి అక్కడ కమీషనుంటుంది. అత్తరు వాసన చూసేటప్పుడు మూడుకి మించవద్దు, తర్వాత ముక్కుకి తేడా తెలియదు. మణికట్టు మీద రాసుకుని అరగంట తిరిగి వచ్చాక నచ్చితేనే కొనండి.

పది, ఇరవై నోట్లు దగ్గరుంచుకోండి, ఇరుకు గల్లీల్లో ఫోన్ సిగ్నల్ దొరక్కపోవచ్చు. తెలుగు అర్థం చేసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా 'భాయ్' అని పలకరించి, వద్దనుకున్నప్పుడు 'నక్కో' అంటే మాట కలుస్తుంది.

రంజాన్ నెలలో వస్తే మాత్రం ఇదంతా తలకిందులు. పగలు హోటళ్ళు నిశ్శబ్దంగా ఉంటాయి, ఇఫ్తార్ తర్వాతే వీధులు మేలుకుంటాయి. అప్పుడు హలీం కోసం రండి. గోధుమా మాంసమూ గంటల తరబడి ఉడికించి, పెద్ద కర్రలతో మెదిపి చేస్తారు. వేడిగా, వేయించిన ఉల్లిపాయ పైన వేయించుకుని తినాలి. దాని నడక దారి వేరే రాస్తాను.

మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి మళ్ళండి. మదీనా దగ్గరికొచ్చాక ఇంకా కాళ్ళలో ఓపిక ఉంటే మొహర్రంలో పీర్లను నిలిపే బాద్‌షాహీ అషూర్‌ఖానాలోని రంగు పెంకుల పనితనం చూసి ఆటో ఎక్కండి. గాజులు గుడ్డలో చుట్టి చేతిసంచీలో పెట్టుకో, డిక్కీలో వేయనివ్వకు.

మీ పెదనాన్న