టెక్ సందేహాలు: ముల్లు మధ్యలోనే ఉంది, యాప్ మాత్రం 108 అంటోంది

ప్రశ్న: మా కారుకు పదిహేనేళ్లు. ఈమధ్య బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌కు పంపే చిన్న పరికరం) తగిలించి ఫోన్‌లో యాప్ ద్వారా ఇంజన్ వేడిని గమనిస్తున్నాను. సిగ్నల్ దగ్గర నాలుగైదు నిమిషాలు ఆగితే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత 108 డిగ్రీలకు పోతోంది, బండి కదలగానే మళ్లీ 90కి దిగుతోంది. డాష్‌బోర్డులోని ముల్లు మాత్రం ఎప్పుడూ మధ్యలోనే ఉంటోంది. దేన్ని నమ్మాలి? మెకానిక్ రేడియేటర్ మార్చాల్సిందే అంటున్నారు.

జవాబు: యాప్‌ను నమ్మండి, రేడియేటర్‌ను మాత్రం ఇప్పుడే మార్చకండి.

చాలా కార్లలో ఆ ముల్లు ఉన్న వేడిని ఉన్నట్టు చూపదు. రెండు మూడు డిగ్రీలకే అటూ ఇటూ ఊగితే నడిపేవారు కంగారు పడతారన్న ఉద్దేశంతో, ఉష్ణోగ్రత సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు నడిమధ్యనే నిలిచేలా తయారీదారులు ముందే సర్ది ఉంచుతారు. ఈ హద్దులు మోడల్‌ను బట్టి కొంత మారతాయి, మీ కారులో పై హద్దు ఇంకాస్త ఎక్కువే ఉన్నట్టుంది. యాప్‌లో అలాంటి సర్దుబాటు లేదు, ఇంజన్ కంట్రోల్ యూనిట్‌కు (ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటర్‌కు) సెన్సర్ అందించే అంకెనే అది చదివి చూపుతుంది. అందుకే పాత కారున్నవారికి ఈ చిన్న అడాప్టర్‌ను మించిన పరికరం లేదని నా అభిప్రాయం.

అయితే సెన్సర్ సరిగా ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. రాత్రంతా ఆగి ఉన్న కారులో ఉదయాన్నే ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి కూలెంట్ ఉష్ణోగ్రతను, ఇన్‌టేక్ గాలి (ఇంజన్ పీల్చే గాలి) ఉష్ణోగ్రతను పక్కపక్కన చూడండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. కూలెంట్ దగ్గర మైనస్ 40 కనిపిస్తే సెన్సర్ వైరు తెగిందనో, కనెక్టర్ ఊడిందనో అర్థం. ఇంకో సంగతి కూడా ఉంది: కూలెంట్ బాగా తగ్గిపోయి సెన్సర్ కొన ద్రవంలో మునగకుండా గాలిలో ఉండిపోతే, లోపల ఇంజన్ ఉడుకుతున్నా యాప్ తక్కువ అంకె చూపే ప్రమాదం ఉంది. కాబట్టి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడకుండా యాప్‌ను సంప్రదించడం వృథా.

ఇక అసలు రోగం సంగతి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది: ఆగితే వేడెక్కుతోంది, కదిలితే చల్లబడుతోంది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. రేడియేటర్ లోపల పూడిపోయి ఉంటే, లేదా వాటర్ పంపు అరిగిపోయి ఉంటే, ఎక్కువ వేడి పుట్టే హైవే వేగంలోనో ఎత్తు ఎక్కేటప్పుడో ఉష్ణోగ్రత పెరగాలి. మీ దగ్గర అది తలకిందులుగా ఉంది కనుక మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. ఏసీ ఆన్ చేయండి. చాలా కార్లలో దానితోపాటే రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూసి, ఆ తర్వాత ఫ్యాన్ రిలేను (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్‌ను) తీసి ఫ్యూజు బాక్సులోనే అదే నంబరున్న మరో రిలేతో మార్చి చూడండి. రెండూ బాగుంటే కనెక్టర్‌నూ, మోటారునూ పరీక్షించాలి. ఏసీతో తిరిగి, వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే ఫ్యాన్‌కు ఆజ్ఞ ఇచ్చే స్విచ్‌లోనో సర్క్యూట్‌లోనో లోపం ఉన్నట్టు. ఫ్యాన్ దగ్గర చేయి పెట్టేముందు తాళం తీసేయడమే కాదు, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపిన తర్వాత కూడా అది తనంతట తాను తిరుగుతుంది.

ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే ఏసీ కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీకీ) రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసి చూడండి. ఏళ్ల తరబడి చేరిన దుమ్ము, పురుగులు కలిసి అక్కడ నెమ్మదిగా దుప్పటిలా అల్లుకుపోతాయి. ముందు నుంచి చూస్తే ఫిన్లు (సన్నటి లోహపు రేకులు) తళతళలాడుతున్నా వెనక గాలి దూరే దారి ఉండదు.

యాప్‌లోని గ్రాఫ్‌ను ఒక్కసారి మొదటి నుంచీ చూడండి, చాలా చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో గీత నిలకడగా పైకి ఎక్కి, 85 నుంచి 90 డిగ్రీల ప్రాంతంలో హఠాత్తుగా కొన్ని డిగ్రీలు కిందికి జారుతుంది. అదే థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచే కవాటం) తెరుచుకున్న క్షణం, రేడియేటర్‌లో అప్పటిదాకా చల్లగా కూర్చున్న కూలెంట్ ఒక్కసారిగా ఇంజన్‌లోకి వచ్చిందన్నమాట. తర్వాత గీత మళ్లీ లేచి, ఆగి ఉన్న బండిలో 95 నుంచి 100 దాకా వెళ్లి, ఫ్యాన్ తిరగగానే దిగుతుంది. ఇలా రంపపు పళ్లలా ఎక్కి దిగుతుంటే ఫ్యాన్ తన పని తాను చేస్తున్నట్టే. మీ గ్రాఫ్ 100 దాటాక కూడా పళ్లు లేకుండా ఏటవాలుగా ఎక్కుతూనే ఉంటే, ఫ్యాన్ చల్లబరచలేకపోతోందనడంలో ఇక సందేహం అక్కర్లేదు.

ఈలోగా దారిలో 110 దాటితే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిలో, బ్లోవర్‌ను పూర్తి వేగంలో పెట్టి, పక్కకు తీసి ఇంజన్ ఆపండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, సుమారు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే మూత కింద అది దాదాపు 129కి చేరేదాకా మరగదు. మూత తిప్పిన మరుక్షణం ఆ ఒత్తిడి పోయి, ద్రవం ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఆ మూతలోని రబ్బరు సీలు గట్టిపడి ఒత్తిడి నిలపకపోయినా ఇంజన్ తొందరగా ఉడుకుతుంది. పాత కారులో కళ్లు మూసుకుని మార్చదగిన భాగం అదొక్కటే.

ప్రశ్న: థర్మల్ గన్‌తో (తాకకుండా దూరం నుంచి వేడి కొలిచే పరికరంతో) థర్మోస్టాట్ హౌసింగ్ (దాని లోహపు తొడుగు) మీద చూస్తే 55 డిగ్రీలు వస్తోంది. యాప్ 90 అంటోంది. గన్ పాడైందా?

జవాబు: కాలేదు. మెరిసే అల్యూమినియం తన వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వదులుతుంది, పైగా చుట్టుపక్కల వస్తువుల కిరణాలను తిప్పికొడుతుంది. గన్ ఆ కలగాపులగాన్నే కొలుస్తోంది. హౌసింగ్ మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దగ్గరి నుంచి ఆ ముక్క మీదే గురి పెట్టండి. రబ్బరు హోసులకు టేపు అక్కర్లేదు. రేడియేటర్ పై హోసు 90 దగ్గర ఉండి, ఇంజన్ వేడెక్కిన చాలాసేపటికి కూడా కింది హోసు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు.

ప్రశ్న: రెండు వారాలకోసారి కూలెంట్ తగ్గుతోంది. కింద చుక్క పడిన ఆనవాలు లేదు.

జవాబు: వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర ఎండిన తెల్లటి లేదా రంగు చార కోసం వెతకండి. ముందు సీటులో కాళ్లు పెట్టేచోట కార్పెట్ తడిగా ఉండి, లోపల తియ్యని వాసన వస్తుంటే హీటర్ కోర్ (హీటర్‌లోని ఆ చిన్న రేడియేటర్) కారుతోంది. ఈ రెండూ లేకపోతే భయపడాల్సింది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) గురించే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోసు రాయిలా గట్టిపడటం, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఎంతకీ ఆగకపోవడం దాని లక్షణాలు. పెట్రోల్ కారైతే బ్లాక్ టెస్టర్‌తో తేల్చవచ్చు: రేడియేటర్ నోటి దగ్గరి ఆవిరిని అందులోని నీలి ద్రవం గుండా పంపితే, ఇంజన్ పొగ కలిసినప్పుడు ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. మారితే బండిని నడపకుండా తోయించుకుని వెళ్లండి.

ప్రశ్న: వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ తీసేశారు. ఇప్పుడు యాప్‌లో పీ0128 అనే లోపం కోడ్ వస్తోంది, మైలేజీ కూడా తగ్గింది. కోడ్ చెరిపేయవచ్చా?

జవాబు: చెరిపితే మళ్లీ వస్తుంది. ఇంజన్ ఉండాల్సినంత వేడికి చేరడం లేదని ఆ కోడ్ అర్థం, అది నిజమే చెబుతోంది. చల్లటి ఇంజన్‌కు కంప్యూటర్ ఎక్కువ ఇంధనం పోస్తుంది, మైలేజీ పోయింది అందుకే. కొత్త థర్మోస్టాట్ పెట్టించి, కూలెంట్ నింపేటప్పుడు హీటర్ ఆన్‌లో ఉంచి లోపలి గాలిని పూర్తిగా బయటికి తీయమనండి. మొదట్లో ఎందుకు వేడెక్కిందో ఎవరూ చూడలేదు కాబట్టి, ఆ తర్వాత మొదటి జవాబులో చెప్పిన ఫ్యాన్ పరీక్షతో మొదలుపెట్టండి.