ఆప్రికాట్ చెట్టుకి చలికాలంలో కత్తెర పెట్టకండి

"స్తంభంలా సన్నగా పెరుగుతుందని ఆప్రికాట్ మొక్క పెట్టాం. మూడేళ్లకే పక్కలకి విరగబడి పెరుగుతోంది. ఈ డిసెంబరులో కత్తిరించేయమంటారా?" అని అడిగారు. వద్దండీ. వచ్చే వేసవిలో కాయలు కోసేదాకా ఆగండి.

మేం ఉండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. పెళ్లి భోజనాల్లో ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా కోసమే ఎదురుచూసినదాన్ని కాబట్టి, ఇంటి వెనక కాస్త జాగా దొరకగానే ఆప్రికాటే నాటాను.

2021 ఫిబ్రవరిలో పక్కింటి పెద్దాయన తన యాపిల్ చెట్లు కత్తిరిస్తుంటే చూసి నేనూ కత్తెర పట్టుకున్నాను. మనకి మునగచెట్టు అలవాటు కదా. కాపు అవగానే అమ్మ దాన్ని మొండెం దాకా కొట్టించేసేది, నెల తిరిగేసరికి గుబురుగా చిగురు వేసేది. ఆ ధైర్యంతోనే బొటనవేలంత లావు కొమ్మలు ఐదు మొదలుకంటా తీసేశాను. ఏప్రిల్‌లో ఆ కోతల దగ్గర బంక మొదలైంది. అచ్చం తుమ్మబంకలా, తేనె రంగులో. వేలితో నొక్కితే మెత్తగా అంటుకునేది, నాలుగు రోజులు ఎండ కాస్తే గాజుపెంకులా గట్టిపడేది. గోటితో బెరడు గీరి చూస్తే లోపల పచ్చగా ఉండాల్సింది గోధుమరంగుకి తిరిగింది. జూన్‌లో ఒక్క వారం గట్టిగా ఎండ కాసేసరికి పైన సగం చెట్టు ఆకులు వేలాడేసింది. రెండు పూటలా నీళ్లు పోశాను. తేరుకోలేదు. పిందెలు కొమ్మల మీదే ముడుచుకుపోయాయి. ఆ రోజు నేను పడ్డ బాధ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

చలికాలంలో చెట్టుకి గాయం త్వరగా మానదు. తడికీ చలికీ బ్యాక్టీరియా, బూజు తెగుళ్లు ఆ కోతలోంచే లోపలికి పోతాయి. యాపిల్ తట్టుకుంటుంది, ఆప్రికాట్ తట్టుకోదు. కాలిఫోర్నియాలో కూడా యూటైపా అనే తెగులు వానల్లో వ్యాపిస్తుందని, వానలు మొదలవడానికి కనీసం ఆరు వారాల ముందే కత్తిరింపు ముగించమంటారు.

ఇప్పుడు నేను కాయలు కోశాక, జూలై చివర్లోనో ఆగస్టులోనో, వరసగా మూడు నాలుగు పొడి రోజులు ఉన్నప్పుడు చేస్తాను. కత్తెరని స్పిరిట్‌తో తుడుస్తాను. నడిమి కాండాన్ని వదిలేసి, పక్క రెమ్మల్ని 10–15 సెంటీమీటర్లకి, అంటే జానెడు కంటే తక్కువకి కుదిస్తాను. కొసన నడిమి కాండంతో పోటీపడి నిటారుగా లేచే రెమ్మ ఉంటే దాన్ని తీసేస్తాను. పొట్టిగా, కణుపులు కణుపులుగా ఉండే బుడిపె కొమ్మల్ని మాత్రం ముట్టుకోను. మరుసటి ఏడాది పూత చాలావరకు వాటి మీదే. ఏటా కొంచెం కొంచెం కోస్తే లావు కొమ్మ నరకాల్సిన అవసరమే రాదు.

అసలు నా కోపమంతా ఇలాంటి మొక్కల్ని అమ్మేటప్పుడు తగిలించే 'స్తంభం చెట్టు' అనే ఆ పేరు మీద. పుట్టుకతోనే స్తంభంలా పెరిగే గుణం యాపిల్‌ది. 1960ల్లో కెనడాలో ఒక మెకింతోష్ రకం యాపిల్ చెట్టుకి అలాంటి కొమ్మ పుట్టింది, స్తంభంలా పెరిగే యాపిల్ రకాలు దాన్నుంచే వచ్చాయి. 'స్తంభం చెట్టు' పేరుతో అమ్మే ఆప్రికాట్లు చాలావరకు కాస్త సన్నగా పెరిగే రకాలు, అంతే. ఏటా కత్తిరిస్తేనే అవి ఆ ఆకారంలో ఉంటాయి. నాకు అమ్మిన నర్సరీలో మాత్రం "దీనికి కత్తెర అక్కర్లేదు" అన్నారు. ఆ మాట నమ్మే మూడేళ్లు వదిలేశాను, తర్వాత ఒక్కసారిగా లావు కొమ్మల మీద పడాల్సొచ్చింది. కొనేవాళ్లకి ఈ ఒక్క సంగతి చీటీ మీద రాస్తే ఏం పోతుంది?

మీరు డిసెంబరుదాకా కూడా ఆగకుండా ఇవాళే ఒకసారి చెట్టు దగ్గరికెళ్లి, కొమ్మలు కాండానికి కలిసే చోట బంక ఏమైనా కారుతోందేమో చూడండి. ఉంటే ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.