ఇంటర్నెట్ లేని ల్యాబ్‌కు డాక్యుమెంటేషన్ బ్రౌజర్: ప్రాజెక్టుగా పనికొస్తుందా?

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలోని ఒక కళాశాలలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ల్యాబ్‌లో ఇంటర్నెట్ ఉండే రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. పైథాన్, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషన్‌ను ల్యాబ్ నెట్‌వర్క్‌లోనే ఉంచి, బ్రౌజర్‌లో వెతుక్కుని చదువుకునే వెబ్ అప్లికేషన్ చేయాలని నలుగురం అనుకున్నాం. మా గైడ్ సర్ ‘ఇందులో కొత్తదనం ఏముంది? మెషిన్ లెర్నింగ్‌లో ఏదైనా చేయండి’ అంటున్నారు. తోటివారు అమీర్‌పేట వెళ్లి సిద్ధంగా ఉన్న ప్రాజెక్టులు కొనుక్కుంటున్నారు. మా ఆలోచన ఉద్యోగానికి ఉపయోగపడుతుందా? దీన్ని ఎక్కడ హోస్ట్ చేయాలి?

జవాబు: ఉపయోగపడుతుంది, చేయండి. అయితే మీరు తయారీ గురించి వివరంగా రాసి, హోస్టింగ్‌ను ఆఖరి వాక్యంలోకి నెట్టేశారు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ ఆఖరి వాక్యమే. కొని తెచ్చిన ప్రాజెక్టు వైవా రోజున ఒక ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, మరునాటికి దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. ‘ఇది ఇప్పుడు ఎక్కడ నడుస్తోంది, ఎవరు వాడుతున్నారు?’ అని అడిగితే అలాంటి ప్రాజెక్టు చూపినవారి దగ్గర సమాధానం ఉండదు. మీ దగ్గర ఉండాలి.

ముందు మీ గైడ్ గారి మాట. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇలాంటిది ఇప్పటికే ఉంది. తిబో కురూబ్ల్ అనే ప్రోగ్రామర్ 2013లో మొదలుపెట్టిన డెవ్‌డాక్స్ అనే సైటును ఇప్పుడు ఫ్రీకోడ్‌క్యాంప్ అనే లాభాపేక్షలేని సంస్థ నిర్వహిస్తోంది. ఎన్నో భాషల, లైబ్రరీల డాక్యుమెంటేషన్ అందులో ఒకేచోట ఒకే రూపంలో కనిపిస్తుంది, ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది. కోడ్ అంతా, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో ఉంది. ‘దాన్నే తెచ్చి ల్యాబ్‌లో పెడితే సరిపోదా?’ అని ఎగ్జామినర్ తప్పకుండా అడుగుతారు. నా సలహా ఏమిటంటే, మొదటి వారం సరిగ్గా అదే చేయండి. ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి నడిపించే డాకర్‌తో ఒక కంప్యూటర్‌లో దాన్ని నడిపి, జూనియర్లకు ఇచ్చి, పక్కన కూర్చుని చూడండి. ఏ మాటలు టైప్ చేస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, ఏ పేజీ తెరిచి అర్థంకాక మూసేస్తున్నారు అన్నవి రాసుకోండి. మీ ప్రాజెక్టు చేయాల్సిన పని ఆ కాగితంలో దొరుకుతుంది.

నా ఊహ చెబుతాను. మొదటి సంవత్సరం విద్యార్థి ఫంక్షన్ పేరుతో వెతకడు, ఆ పేరు అతనికి తెలియదు. తెరమీద వచ్చిన ఎర్రర్‌ను తెచ్చి వెతుకుతాడు. ‘ఇండెంటేషన్ ఎర్రర్’ అని కొట్టగానే రెండు మూడు వాక్యాల్లో తెలుగు వివరణ, కింద అసలు డాక్యుమెంటేషన్ పేజీకి లింకు వస్తే అది డెవ్‌డాక్స్‌లో లేనిది. అలాగే మీ ల్యాబ్ మాన్యువల్‌లోని ప్రతి ప్రయోగానికీ అవసరమైన పేజీలను జతచేయండి. కొత్తదనం అంటే ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు.

మెషిన్ లెర్నింగ్ అనే మాట తప్పదంటే, చాట్‌బాట్‌ను తెచ్చి అతికించకండి. వెతుకులాటనే పరిశోధనగా చూపండి. మొదటి అక్షరాలు కలిస్తే చాలనుకునే పద్ధతి ఒకటి, వెతికిన పదాలు పేజీలో ఎన్నిసార్లు ఉన్నాయి, అవి ఎంత అరుదైనవి అని లెక్కగట్టి పేజీలకు వరుస ఇచ్చే బీఎం25 రెండోది. జూనియర్లు నిజంగా టైప్ చేసిన మాటలు తీసుకుని, ఒక్కో పద్ధతిలో సరైన పేజీ ఎన్నో స్థానంలో వచ్చిందో పట్టిక వేయండి. సమాచార శోధన అనే శాస్త్రంలో ఇది మామూలుగా చేసే కొలతే. ఆ పట్టిక చూపించి అడిగితే సర్ కాదనే అవకాశం తక్కువ.

తయారీలో మొదటి తగువు అనుమతులది. దొరికిన వెబ్‌సైట్‌నల్లా క్రాల్ చేయకండి, అంటే ప్రోగ్రామ్‌తో పేజీలన్నీ లాగేయకండి. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను వాళ్లే హెచ్‌టిఎంఎల్ జిప్‌గా ఇస్తున్నారు. జావాస్క్రిప్ట్‌కు మొజిల్లా వారి ఎండీఎన్ సైటు ఉంది. దాని పాఠ్యం గిట్‌హబ్‌లో దొరుకుతుంది, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద మూలాన్ని పేర్కొని, మీ మార్పులనూ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఎస్‌క్యూఎల్‌కు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మాన్యువల్ చాలు. ప్రతి పేజీ అడుగున మూలం, లైసెన్సు కనిపించేలా పెట్టండి. ఇంటర్వ్యూలో ఇది చెబితే ఎదుటివారు తల ఎత్తి చూస్తారు, ఎందుకంటే విద్యార్థులు ఈ ఊసే ఎత్తరు.

తర్వాతిది శుభ్రం చేసే పని. పైథాన్‌లో బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీతో ప్రతి పేజీలోని మెనూలు, స్క్రిప్టులు తీసేసి విషయాన్ని మాత్రం ఉంచాలి. లింకులను మీ ఫోల్డర్లకు సరిపోయేలా తిరగరాయాలి. ప్రతి ఫంక్షన్‌కూ పేరు, రకం, పేజీ చిరునామా ఉన్న జేసన్ సూచిక తయారు చేయాలి. సూచిక మొత్తాన్ని బ్రౌజర్‌లోకి దించేస్తే వెతకడం అక్కడే జరుగుతుంది, సర్వర్‌పై భారం పడదు. డేటాబేస్ అవసరం లేదు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ కూడా అవసరం లేదు, కానీ నేర్చుకోవాలన్న కోరిక ఉంటే వద్దనను.

ఇక మీరు ఒక్క వాక్యంలో వదిలేసిన భాగం. రెండు చోట్ల పెట్టండి: ల్యాబ్‌లో ఒకటి, బయట ఒకటి.

ల్యాబ్ కోసం మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ అడగండి. ఉబుంటు అనే లైనక్స్, ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ వేస్తే చాలు, ఈ ఫైళ్లు పంచడానికి 4 జీబీ ర్యామ్ కూడా ఎక్కువే. మారని ఐపీ చిరునామా ఇవ్వమని సిస్టమ్ అడ్మిన్ గారిని కోరండి. మన ఊళ్లలో కరెంటు పోతుంది కాబట్టి, తిరిగి రాగానే యంత్రం దానంతట అదే ఆన్ అయ్యే ఎంపికను బయోస్‌లో చూడండి, చాలా డెస్క్‌టాప్‌లలో ఉంటుంది. ఎన్‌జినెక్స్ కూడా బూట్‌తో పాటే మొదలయ్యేలా పెట్టాలి. ప్రతిసారీ మీలో ఒకరు వెళ్లి మీట నొక్కాల్సి వస్తే అది డిప్లాయ్ చేసినట్టు కాదు.

అక్కడ మీకు ఎదురయ్యేవి కొన్ని ఇప్పుడే చెబుతాను. విండోస్‌లో చక్కగా తెరుచుకున్న పేజీలు లైనక్స్‌లో ‘404’, అంటే పేజీ దొరకలేదు, అంటాయి. ఫైలు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, లైనక్స్ వదలదు. సూచిక మార్చాక కూడా కొన్ని కంప్యూటర్లలో పాతదే వస్తుంది, అది బ్రౌజర్ క్యాష్ పని. ఫైలు పేరులోనే విషయపు హ్యాష్ (విషయం మారితే తానూ మారే చిన్న సంకేతం) చేర్చడం దానికి పాతకాలపు, గట్టి మందు. బ్రౌజర్ వెనకాల నడుస్తూ పేజీలు దాచిపెట్టే సర్వీస్ వర్కర్‌తో ఆఫ్‌లైన్ చేద్దామనుకుంటే, మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసినది ల్యాబ్ చిరునామా మీద మొండికేస్తుంది. ఆ సౌకర్యాన్ని బ్రౌజర్లు హెచ్‌టిటిపిఎస్ మీదా లోకల్‌హోస్ట్ (అదే యంత్రం) మీదా మాత్రమే ఇస్తాయి. దీన్ని రాత్రంతా వెతికి కనుక్కున్నవాడికి ఆ పాఠం ఇక మరపుకు రాదు, అందుకే ఇక్కడ చెప్పడానికి కొంచెం సంకోచించాను.

బయటి ప్రతికి గిట్‌హబ్ వారి సైట్ల సేవ గిట్‌హబ్ పేజెస్ ఉచితం, హెచ్‌టిటిపిఎస్ దానితోనే వస్తుంది. సైటు పరిమాణం 1 జీబీ దాటకూడదు, మీకది సమస్య కాదు. ప్రాజెక్టు సైటు ఒక ఉపమార్గం కింద వస్తుంది కాబట్టి, ఏటవాలు గీత (/)తో మొదలయ్యే లింకులన్నీ అక్కడ తెగిపోతాయి. సాపేక్ష (రిలేటివ్) లింకులే వాడండి. గిట్‌హబ్ యాక్షన్స్‌తో, మీరు కోడ్ పంపిన ప్రతిసారీ సైటు దానంతట అదే తిరిగి తయారయ్యేలా చేయండి. పైథాన్‌కు ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది, అప్పుడు మీ సైటు ఏమవుతుందన్నది కూడా ముందే ఆలోచించి పెట్టుకోండి.

ఇంకొక్కటి. వెతుకులాట బ్రౌజర్‌లోనే జరుగుతుంది కాబట్టి ఎవరు ఏం వెతికారో ఎన్‌జినెక్స్ లాగ్‌లో కనిపించదు. ఫలితం ఏదీ రాని మాటలను మాత్రం సర్వర్‌కు పంపి దాచుకోండి. రోల్ నంబర్లు, పేర్లు వద్దు. వారానికోసారి ఆ జాబితా చూసి లోటు పూడ్చడమే నిర్వహణ.

నలుగురిలో ఒకరు పేజీల శుద్ధి, ఒకరు వెతుకులాట, ఒకరు డిప్లాయ్, ఒకరు తెలుగు వివరణలు చూసుకోండి. ఆఖరిది తేలిక పని అనుకుని నెమ్మదస్తుడి మీద పడేయకండి. క్లిష్టమైన విషయాన్ని శుభ్రంగా రాయగలవారికి హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో టెక్నికల్ రైటర్ ఉద్యోగాలు ఉన్నాయి. డాక్యుమెంటేషన్ తయారీ పరికరాలైన స్ఫింక్స్, మార్క్‌డౌన్, గిట్ తెలిసి రాయగలిగేవారు అరుదు.

ఉద్యోగం వస్తుందా అన్నారు. ఒక్క ప్రాజెక్టుతో ఎవరికీ రాదు. ఆప్టిట్యూడ్ పరీక్ష, డేటా స్ట్రక్చర్స్ ఎలాగూ తప్పవు. కానీ రెజ్యూమెలో ‘డాక్యుమెంటేషన్ బ్రౌజర్, టెక్నాలజీలు: పైథాన్, జావాస్క్రిప్ట్’ అని రాసి వదిలేయకండి. ఎన్ని పేజీలు, ఎన్ని కంప్యూటర్ల నుంచి వాడుతున్నారు, ఎన్నాళ్లుగా నడుస్తోంది, మీరు వ్యక్తిగతంగా ఏ భాగం చేశారు అన్నవి రాసి, పక్కన లింకు ఇవ్వండి. ఆ అంకెలు నిజమైనవే కావాలి. లింకు ముందురోజు తెరిచి చూసుకోండి.

పాత డెస్క్‌టాప్ కోసం హెచ్ఓడీ గారికి దరఖాస్తు ఈ వారమే ఇవ్వండి. కోడ్ రాయడం కన్నా సంతకాలకే ఎక్కువ రోజులు పట్టవచ్చు.