చిగుళ్ళ నెత్తురు, చల్లటి సీసాలు

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోందని బ్రష్ పక్కన పెట్టి, నోరు పుక్కిలించి ఊరుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ పని ఇవాళే ఆపు తల్లీ. నెత్తురొచ్చేది చిగురు అంచున చేరిన పాచి వల్ల. కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజన్ అనే హార్మోన్లు పెరిగి, కాస్త పాచికే చిగుళ్ళు ఎర్రబడి ఉబ్బుతాయి. రెండో నెలలో మొదలై ఎనిమిదో నెల దాకా ఎక్కువవుతూ ఉంటుంది. తోమడం మానేస్తే పాచి ఇంకా పేరుకుంటుంది. మెత్తటి బ్రష్ కొనుక్కో. పన్నూ చిగురూ కలిసే గీత మీద వాలుగా ఆనించి, నొక్కకుండా చిన్నచిన్నగా కదుపు. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా, రెండేసి నిమిషాలు.

ఇక ఆ సీసా సంగతి. మన విశాఖ ఉక్కపోతలో ఒంటి మీద చెమట ఆరదు, గొంతు తడి ఆరిపోతుంది, నాకు తెలుసు. కానీ మంచం పక్కన కూల్‌డ్రింక్ పెట్టుకుని, వికారమనిపించినప్పుడల్లా ఒక గుక్క తాగడమే నీ పళ్ళకి చేటు. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు అరగంట దాకా ఆమ్లం తయారుచేస్తూనే ఉంటాయి. గంటకో గుక్క తాగితే పంటికి తేరుకునే వ్యవధే ఉండదు. సీసా వెనక చిన్న అక్షరాలు చదువు. చాలావాటిలో 100 మి.లీ.కి 10 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 600 మి.లీ. సీసాలో 15 చెంచాలు. రోజుకి 25 గ్రాముల లోపే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చక్కెర లేని కోలా అయినా పులుపు పులుపే, పంటి పైనుండే గట్టి పొరని, అదే ఎనామిల్‌ని తింటుంది. డబ్బా పండ్లరసాలూ, బీచ్ రోడ్డు చెరకు రసమూ ఈ లెక్కలోవే. మంచినీళ్ళు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగు. కొబ్బరి బొండాం అప్పుడప్పుడూ తాగొచ్చు. ఎప్పుడైనా తియ్యటిది తాగాలని మనసు లాగితే భోజనంతో పాటే తాగేసి, నీళ్ళతో పుక్కిలించు.

వాంతయిన వెంటనే బ్రష్ పట్టకు. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయ్. బ్రష్ అరగంట ఆగాకే.

అయిదో నెల కదా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇదే అనువైన సమయం. గార తీయించుకోవచ్చు, పుచ్చు పూడ్పించుకోవచ్చు, మత్తింజెక్షన్‌కీ భయం లేదు. ఎన్నో నెలో ముందే చెప్పు. నొప్పని మెడికల్ షాపులో అడిగి మాత్రలు మాత్రం వేసుకోకు. చిగురు మీద బుడిపెలాంటిది లేచినా కంగారు పడకు, చూపించు. అవి చాలావరకు కాన్పయ్యాక తగ్గిపోతాయి. చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళలో నెలలు నిండని కాన్పులు ఎక్కువగా కనిపిస్తాయంటారు. అదే కారణమని తేలలేదు కాబట్టి టెన్షన్ పెట్టుకోకు, వైద్యం వాయిదా వేయకు.

ఇంత చెప్పానని షుగర్ పరీక్ష మానేస్తావేమో! ఆ 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు ఒక్కసారి తాగేవే, ఏమీ కాదు. ఆరో నెల దాటాక మళ్ళీ చేయిస్తారు, అదీ చేయించుకో. షుగర్ పెరిగితే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి.

కడుపుతో ఉండగా పంటి డాక్టరేమిటని మీ అత్తగారంటే నాకు ఫోన్ చేసి ఇవ్వు, కాన్పుల వార్డులో నర్సుగా చేసినదాన్ని, నేను మాట్లాడతాను. అపాయింట్‌మెంట్ ఏ రోజో చెప్పు. అబ్బాయికి సెలవు దొరక్కపోతే సీతమ్మధార నుంచి ఆటోలో నేనే వచ్చి తీసుకెళ్తాను.

మీ పెద్దమ్మ