వెన్నుపూసలో సిమెంట్ నింపడం అంటే ఏమిటి? మా అమ్మకు అవసరమా?

బాత్రూంలో జారిపడి మీ అమ్మగారి వెన్నుపూస నొక్కుకుపోయిందని, సిమెంట్ వేయాలన్నారని రాశారు. పేరు విని భయపడకండి. ఇది ఇల్లు కట్టే సిమెంట్ కాదు, పీఎంఎంఏ అనే ఒక రకం ప్లాస్టిక్. పొడిని, ద్రవాన్ని కలిపితే మొదట పలచగా, కాసేపటికి టూత్‌పేస్ట్‌లా చిక్కబడుతుంది. ఆ దశలోనే, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, వీపు వైపు నుంచి సూదితో విరిగిన పూసలోకి కొన్ని మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. నిమిషాల్లో గట్టిపడి, లోపల కదులుతున్న ఎముక ముక్కలను పట్టి ఉంచుతుంది. దీన్ని వెర్టెబ్రోప్లాస్టీ అంటారు. ముందు బెలూన్‌తో పూసను కాస్త పైకి లేపి నింపితే కైఫోప్లాస్టీ. 1984లో ఫ్రాన్స్‌లో వెర్టెబ్రోప్లాస్టీని మొదటిసారి చేశారు.

అందరికీ ఇది అక్కర్లేదు. చాలామందికి మందులు, బెల్టు, కొద్దిపాటి విశ్రాంతితో 6 నుంచి 12 వారాల్లో నొప్పి తగ్గుతుంది. 2009లో వచ్చిన రెండు అధ్యయనాల్లో, సిమెంట్ వేయకుండా, వేసినట్టు మాత్రమే చేసి పంపిన రోగులకూ దాదాపు అంతే ఉపశమనం కలిగింది. అయితే విరిగి కొద్ది వారాలే అయి, మంచం దిగలేనంత నొప్పి ఉంటే పని చేస్తుందని 2016 నాటి మరో అధ్యయనం చెప్పింది. కాబట్టి ఎంఆర్‌ఐలో ఆ పూస ఇంకా పచ్చిగా, వాపుతో ఉందో లేదో తప్పకుండా అడగండి.

సిమెంట్ పూస బయటికి కారడం అరుదేమీ కాదు. ఎక్కువగా ఇబ్బంది ఉండదు కానీ, నరాల వైపో ఊపిరితిత్తులకో వెళ్తే ప్రమాదం. కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి.

ఇంకో మాట. సిమెంట్ ఆ ఒక్క పూసకే. ఎముకల గుల్లతనానికి డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే) పరీక్ష, మందులు మొదలుపెట్టకపోతే పక్క పూస కూడా విరగవచ్చు.