పాఠకుల ప్రశ్నలు: రేంజ్‌ఫైండర్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి వేట లైసెన్సు తీసుకుని సీజన్‌లో జింకల వేటకు, మిగతా రోజుల్లో 600 మీటర్ల దాకా ఉక్కు పలకలు నిలబెట్టిన షూటింగ్ రేంజ్‌కు వెళ్తుంటాడు. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ కొనాలని రెండింటి ఫోటోలు పంపాడు. గోల్ఫ్ ఆటకు చేసినదాని పెట్టె మీద 1200 గజాలని, వేటకు చేసినదాని మీద 1800 గజాలని రాసి ఉంది. రెండోదాని ధర మొదటిదానికి రెట్టింపు. నేను ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాణ్ణని నన్ను సలహా అడిగాడు. ఏది కొనమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వేటకు చేసినదే కొనమనండి. అయితే 1800 అన్న అంకెను చూసి మాత్రం కాదు. ఈ పరికరం కంటికి కనిపించని లేజర్ కాంతిని క్షణకాలం వదిలి, అది లక్ష్యానికి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. 600 మీటర్లు పోయి రావడానికి కాంతికి సెకనులో పది లక్షల వంతులు నాలుగు చాలు. అంత స్వల్ప కాలాన్ని కొలవడం నేటి ఎలక్ట్రానిక్స్‌కు పెద్ద పని కాదు. తిరిగి వచ్చే కాంతి చాలినంత ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రోడ్డు పక్క బోర్డులాగా మెరిసే వస్తువు కాంతిని దండిగా తిప్పి పంపుతుంది కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె అటువంటి వస్తువుకే వర్తిస్తుంది. జింక చర్మం నుంచి తిరిగి వచ్చేది చాలా తక్కువ. వోర్టెక్స్, బుష్నెల్ వంటి కంపెనీలు మెరిసే వస్తువుకు, చెట్టుకు, జింకకు దూరాలను విడివిడిగా ప్రకటిస్తాయి. వాటిలో జింకకు ఇచ్చిన అంకె చాలాసార్లు మొదటి అంకెలో సగం, ఒక్కోసారి అంతకంటే తక్కువ ఉంటుంది. మీ తమ్ముడు చూడవలసింది ఆ అంకెనే. అది కూడా వాతావరణం అనుకూలిస్తేనే. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ, దుమ్ములోనూ, మంచులోనూ ఇంకా తగ్గుతుంది.

గోల్ఫ్ పరికరం వద్దనడానికి అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. గోల్ఫ్ మైదానంలో కొలవవలసిన జెండా ముందు ఉంటుంది, చెట్లు దాని వెనుక ఉంటాయి. అందుకని ఆ పరికరం తనకు మొదట తగిలిన వస్తువు దూరాన్నే చూపేలా తయారవుతుంది. వేటలో పరిస్థితి దీనికి తలకిందులు: ముందు గడ్డి, కొమ్మలు ఉంటాయి, జంతువు వాటి వెనుక ఉంటుంది. అన్నిటికంటే దూరపు వస్తువును ఎంచుకునే అమరిక లేని పరికరం 80 మీటర్ల దగ్గరి తుమ్మకొమ్మను కొలిచి, జింక అక్కడే ఉన్నట్టు చూపుతుంది.

కిరణం ఎంత విచ్చుకుంటుందో కూడా వివరాల పట్టికలో చూడమనండి. ఈ విచ్చుకోవడాన్ని మిల్లీరేడియన్ అనే కోణపు కొలతలో చెబుతారు. ఒక మిల్లీరేడియన్ విచ్చుకునే కిరణం 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు వెడల్పవుతుంది. ఒకటిన్నర మిల్లీరేడియన్లయితే 600 మీటర్ల దగ్గరే 90 సెంటీమీటర్లు. అంత వెడల్పు కాంతిలో జింక మీద పడేది కొంతే. మిగిలినది వెనుక ఉన్న గట్టుకు తగిలి, ఆ గట్టు దూరాన్ని చూపించే ప్రమాదం ఉంది. ఇక అంకెలు కనిపించే తెర విషయం. నల్లటి అంకెల తెర పగలు బాగానే ఉంటుంది గాని, జింకలు మేతకు బయటికి వచ్చే వేకువలోనూ మునిమాపునా చెట్ల నీడ మీద ఆ అంకెలు కనబడవు. ఎర్రగా వెలిగే తెర కోసం కొంత ఎక్కువ పెట్టడం దండగ కాదు. ఎత్తుపల్లాల కోణాన్ని లెక్కలోకి తీసుకునే సదుపాయం గుట్టల ప్రాంతంలో తప్పనిసరి. 30 డిగ్రీల వాలులో 400 మీటర్ల దూరంలో ఉన్న లక్ష్యానికి, గుండు కిందికి జారడాన్ని 346 మీటర్లకే లెక్కించాలి. స్టాండుకు బిగించుకునే మర ఉందో లేదో కూడా చూడాలి, ఎందుకంటే ఆరు రెట్లు పెద్దది చేసి చూపే అద్దంలో చేతి వణుకు కూడా ఆరు రెట్లు కనిపిస్తుంది.

సంక్రాంతికి ఇంటికి తెస్తే ఇక్కడే పరీక్షించవచ్చు. వెనుక ఆకాశం తప్ప మరేమీ లేని కరెంటు స్తంభాన్ని ఎంచుకుని, గురి గుర్తును స్తంభానికి ఎడమ పక్క నుంచి మెల్లగా కుడికి జరుపుతూ కొలవండి. ఎక్కడ దూరం పడిందో, ఎక్కడ ఆగిపోయిందో గమనిస్తే కిరణం గుర్తు నడిమధ్యనే ఉందా, ఒక పక్కకు ఒరిగిందా తెలిసిపోతుంది. పై నుంచి కిందికి చూడాలంటే వాటర్ ట్యాంకు అంచు పనికొస్తుంది. ఆ తరువాత మాపటి వేళ చెరువు కట్ట మీద మేసే నల్ల బర్రెను మూడు నాలుగు వందల మీటర్ల నుంచి కొలవండి. వరుసగా నాలుగైదుసార్లు ఒకే అంకె, ఒకటి రెండు మీటర్ల తేడాతో వస్తే ఆ పరికరాన్ని నమ్మవచ్చు. మనుషుల కళ్ల వైపు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

మీ తమ్ముడికి ఒక మాట గట్టిగా చెప్పండి. 600 మీటర్లు ఉక్కు పలకకు సరే, ప్రాణమున్న జంతువుకు కాదు. ఆ దూరం చేరడానికి సాధారణ వేట రైఫిల్ గుండుకు దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో జింక ఒక అడుగు వేస్తే గుండెకు తగలవలసింది కడుపుకు తగులుతుంది. దూరం 20 మీటర్లు తప్పుగా లెక్కిస్తేనే గుండు జానెడు కిందికో పైకో పోతుంది. గాలి తోపుడును ఈ పరికరం కొలవనే కొలవదు. దెబ్బ తిన్న జంతువు పొదల్లో పడి రాత్రంతా బాధతో చావడానికి కారణం కాకూడదనుకునే వేటగాడు, తాను పది గుళ్లకు పదీ ఒక పళ్లెమంత చోటులో వేయగలిగిన దూరం దగ్గరే ఆగాలి.

ప్రశ్న: అడవిపందులు మా మక్క చేనును పాడు చేస్తున్నాయి. నాకు లైసెన్సున్న 12 బోరు తుపాకీ ఉంది. రేంజ్‌ఫైండర్ ఉపయోగపడుతుందా?
– ఒక రైతు, అచ్చంపేట

జవాబు: ఉపయోగపడదు. ఛర్రాలు పోసిన 12 బోరు నలభై యాభై మీటర్లు దాటితే నమ్మదగినది కాదు. ఆ దూరాన్ని కంటితోనే అంచనా వేయవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, తుపాకీ లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంటను నాశనం చేసే జంతువుల విషయంలో అదే చట్టం 11వ సెక్షన్ కింద అధికారం ఉన్నవారు రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే తుపాకీ ఎత్తాలి. మీ ఊరు అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉన్నందున మరింత జాగ్రత్త అవసరం: అభయారణ్యంలో వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలుశిక్ష పడుతుంది. నారాయణపేట వైపు పొలాల్లో తిరిగే కృష్ణజింకలను చంపినా శిక్ష అంతే. పంట నష్టాన్ని ఫోటోలతో సహా అటవీ శాఖ రేంజి కార్యాలయంలో రాసి ఇచ్చి, పరిహారానికీ అనుమతికీ అక్కడే అడగండి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. పందుల కోసం పెట్టిన తీగకు మనుషులు బలవుతున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి కాంపౌండ్ విల్లుతో (కొనలకు కప్పీలుండే రకం) సాధన చేస్తోంది. రేంజ్‌ఫైండర్ కొనివ్వాలా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: మైదానపు పోటీలకు అక్కర లేదమ్మా. కాంపౌండ్‌కు 50 మీటర్లు, కప్పీలు లేని, కొనలు వంగిన రికర్వ్ విల్లుకు 70 మీటర్లు అని దూరం ముందే నిర్ణయమై ఉంటుంది. సాధనకు టేపు చాలు. అడవి, గుట్టల దారుల్లో లక్ష్యాలు పెట్టి ఆడే ఫీల్డ్ ఆర్చరీ వైపు వెళ్తే మాత్రం సంగతి వేరు. అందులో కొన్ని లక్ష్యాల దూరం చెప్పరు, 55 మీటర్ల లోపు ఎంతైనా ఉండవచ్చు, పోటీలో ఈ పరికరాన్ని అనుమతించరు. కనుక సాధనలో అమ్మాయి ముందు కంటితో అంచనా చెప్పి, పుస్తకంలో రాసుకుని, ఆ తరువాతే కొలిచి చూసుకోవాలి. అంత తక్కువ దూరాలకు, పై పాఠకుడికి వద్దన్న గోల్ఫ్ రకమే చవకగా సరిపోతుంది.